విమానం లేటయిందని కాంగ్రెస్‌మన్ గారి వివరణ: ఆ ఓటు లెక్కలోకి వస్తుందా?

టెక్సాస్_శ్రీను:
అందరికీ నమస్తే. మా కాంగ్రెస్‌మన్ ఆఫీసు నుంచి వారానికోసారి మెయిల్ వస్తుంటుంది. మామూలుగా తెరవకుండానే డిలీట్ కొట్టేస్తాను. ఈసారి ఎందుకో చివరిదాకా చదివితే అడుగున చిన్న పేరా ఒకటి కనబడింది. తుపాను వాతావరణం వల్ల విమానం ఆలస్యమైందట, సోమవారం సాయంత్రం రెండు బిల్లుల మీద ఓటు వేయలేకపోయారట. "సభలో ఉండి ఉంటే రెండింటికీ యెస్ అని వేసేవాణ్ణి, ఈ సంగతి సభ రికార్డులో కూడా పెట్టించాను" అని రాశారు.

నా డౌటు ఏంటంటే, అలా రాసిస్తే ఆ ఓటు తర్వాత కలుపుతారా? కలపకపోతే రాయడం దేనికి? సిటిజన్‌షిప్ వచ్చాక ఈ నవంబరులోనే నా మొదటి ఓటు, అందుకే ఇంత ఆరా.

కందిపొడి:
కలపరు బ్రదర్. పెళ్లయిపోయాక వచ్చి శుభలేఖ చూపిస్తే మళ్లీ తాళి కడతారా?

డీసీ_సుబ్బు:
శ్రీను గారూ, కందిపొడి చెప్పింది నిజమే. ఇండియా నుంచి చుట్టాలు వచ్చినప్పుడల్లా గ్యాలరీ పాసులు తీసుకుని హౌస్‌కి, అంటే ప్రతినిధుల సభకి, తీసుకెళ్లడం నాకు అలవాటు, కాబట్టి అక్కడ చూసింది చెబుతాను.

ఓటింగ్ అనగానే భవనాలన్నింటిలో గంటలు మోగుతాయి. సభ్యులు ఎక్కడున్నా పరుగున వస్తారు. సీట్ల వెనక చిన్న చిన్న పెట్టెలుంటాయి. కార్డు దూర్చి బటన్ నొక్కాలి. ఆకుపచ్చ అంటే యెస్, ఎరుపు అంటే నో, పసుపు అంటే 'ప్రెజెంట్', అంటే వచ్చాను కానీ ఎటూ వేయను అని. స్పీకర్ కుర్చీ వెనక గోడ మీద పైన 435 మంది పేర్లూ వెలుగుతాయి, ఎవరు ఎటు వేశారో పక్కనే రంగు దీపం. ఈ ఎలక్ట్రానిక్ పద్ధతి 1973 జనవరిలో మొదలైంది. అంతకుముందు ఒక్కొక్కరి పేరూ పిలిచేవారు.

ఓటింగుకి కనీసం 15 నిమిషాలు ఇస్తారు. వరసగా నాలుగైదు ఉంటే తర్వాతివి 5 నిమిషాలే. గడియారం సున్నా చూపించినా వెంటనే ఆపరు. ఆలస్యంగా వచ్చినవాళ్లు ముందుకెళ్లి రంగు కాగితం మీద రాసిచ్చి కూడా ఓటు వేయొచ్చు. కానీ కుర్చీలో ఉన్నాయన ఫలితం చదివి సుత్తి కొట్టాడా, ఇక అంతే. బ్రహ్మదేవుడు దిగొచ్చినా మారదు.

మీ కాంగ్రెస్‌మన్ రాసిందాన్ని 'పర్సనల్ ఎక్స్‌ప్లనేషన్' అంటారు. సంతకం పెట్టి సభ సిబ్బందికి ఇస్తే, సభలో జరిగినవన్నీ అచ్చయ్యే కాంగ్రెషనల్ రికార్డులో వేస్తారు. ఫలానా రోల్ కాల్ (పేర్లు నమోదయ్యే ఓటింగ్) నంబరుకి ఉండి ఉంటే యెస్, ఫలానా నంబరుకి నో, అంతే. ఓట్ల లెక్కలో మాత్రం ఆయన పేరు 'నాట్ వోటింగ్' కిందే ఉంటుంది, శాశ్వతంగా.

గుంటూరు_మిర్చి:
మరెందుకండీ ఆ తతంగం? నాకు తెలిసి సాకు చెప్పడానికి సర్కారు కాగితం వాడుకోవడం ఇది.

డీసీ_సుబ్బు:
అలా కొట్టిపారేయలేం మిర్చి గారూ. రెండేళ్లకోసారి ఎన్నిక. ఎదుటి అభ్యర్థి "ఈయన రైతుల బిల్లుకి ఓటేయలేదు" అని టీవీ యాడ్ వేస్తాడు. రికార్డులో ఈ నాలుగు లైన్లుంటే చూపించుకోవడానికి ఒక ఆధారం. మనలాంటి వాళ్లకి కూడా ఆయన వైఖరి ఏంటో తెలుస్తుంది. ఫలితం తెలిశాక చెప్పే మాట కాబట్టి దాని విలువ అంతవరకే, ఒప్పుకుంటాను.

గుంటూరు_మిర్చి:
సరే, ఇంకో మాట. సోమవారం క్లయింటు మీటింగ్ ఉంటే మనం ఆదివారం రాత్రికే హోటల్లో దిగుతాం. విమానం లేటయిందని మేనేజర్‌కి చెబితే "నిన్నెందుకు బయల్దేరలేదు" అంటాడు. ఏడాదికి 1,74,000 డాలర్ల జీతం తీసుకునే మనిషికి ఆ మాత్రం ముందుచూపు ఉండక్కర్లేదా?

నల్గొండ_అక్క:
మిర్చి తమ్ముడూ, జీతం 2009 నుంచి అంతే ఉంది, పెరగలేదు. అది పక్కన పెట్టు. ఆదివారం బయల్దేరమంటున్నవ్ కదా, మొన్న మన తెలుగు సంఘం ఉగాది ప్రోగ్రాంకి ఆ కాంగ్రెస్‌మన్‌ని పిలిచి శాలువా కప్పి, మెమెంటో ఇచ్చి, గంటసేపు స్టేజీ మీద కూర్చోబెట్టింది ఎవరు? మనమే కదా. శని, ఆదివారాలు జిల్లాలో, అంటే తన నియోజకవర్గంలో, తిరగకపోతే "గెలిచినంక మొహం చూపిస్తలేడు" అని మళ్ళీ మనమే అంటాం. అటు వాషింగ్టన్‌లో ఉండాలి, ఇటు ఊళ్లో ఉండాలి. ఆ మనిషికి కూడా పెళ్లాం పిల్లలుంటరు.

కందిపొడి:
అక్కా, ఆ ప్రోగ్రాంలో ఆయన "నమస్కారం, అందరూ బాగున్నారా" అనగానే కొట్టిన చప్పట్లలో నావీ ఉన్నాయి. ఆ కాసేపటికే ఓటు వేసేద్దామనుకున్నాను.

డీసీ_సుబ్బు:
అక్క చెప్పినదానికే ఇంకొంచెం. నాయకత్వానికి ఈ ఇబ్బంది తెలుసు కాబట్టే వారంలో మొదటి రోజు ఓటింగ్ సాయంత్రం 6:30కి పెడతారు. అప్పుడు వచ్చేవి ఎక్కువగా 'సస్పెన్షన్' బిల్లులు. 40 నిమిషాల చర్చ, సవరణలుండవు, మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే పాసు. పోస్టాఫీసులకు పేర్లు పెట్టడం లాంటివి, రెండు పార్టీలకూ పేచీ లేనివి. పగలంతా చర్చ జరిపి, ఓట్లన్నీ మూటకట్టి సాయంత్రానికి వాయిదా వేస్తారు. విమానాలు దిగినవాళ్లు నేరుగా రీగన్ ఎయిర్‌పోర్టు నుంచి కారెక్కి వచ్చేస్తారు, నది దాటితే సభే. శ్రీను గారు చెప్పిన రెండూ అవే అయ్యుంటాయి.

తెనాలి_ప్లీడరు:
నేను అమ్మాయి దగ్గరికి వచ్చి ఇక్కడ ఆర్నెల్లుగా ఉంటున్నాను. మీ చర్చ ఆసక్తిగా ఉంది కనుక రెండు ముక్కలు.

మన దగ్గర ఈ గొడవే లేదు. లోక్‌సభలో చాలా బిల్లులు మూజువాణీ ఓటుతో పోతాయి. ఎవరు అవునన్నారో ఎవరు కాదన్నారో పేర్లే నమోదు కావు. ఇంక రాలేనివాడు వివరణ ఇచ్చేది దేనికి? రాజ్యాంగం 101వ అధికరణం ప్రకారం అనుమతి లేకుండా 60 రోజులు రాకపోతే సీటు ఖాళీ అయినట్టు సభ ప్రకటించవచ్చు. ఆ లెక్కలో కూడా సభ వరసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడిన కాలం తీసేస్తారు.

మన ఎంపీ జవాబు చెప్పుకోవలసింది ఓటరుకి కాదు, పార్టీకి. విప్ జారీ అయ్యాక రాకపోతే పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల చట్టం, కింద సభ్యత్వమే పోవచ్చు. 15 రోజుల్లోగా పార్టీ క్షమిస్తే సరి. విమానం లేటయిందో, మనసు లేటయిందో పార్టీయే తేల్చుకుంటుంది.

ఒక్క ఓటు విలువ తెలియాలంటే 1999 ఏప్రిల్ 17 గుర్తు చేసుకోండి. వాజపేయి ప్రభుత్వం 269–270తో పడిపోయింది. గిరిధర్ గమాంగ్ అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి, ఎంపీ పదవి ఇంకా వదులుకోలేదు. వచ్చి ఓటు వేశారు. స్పీకర్ కుర్చీలో మన కోనసీమ బాలయోగి గారు. వేయాలో వద్దో గమాంగ్ విచక్షణకే వదిలేశారు. ఆ రోజు భువనేశ్వర్ విమానం ఆలస్యమయి ఉంటే ఏమయ్యేదో!

గుంటూరు_మిర్చి:
బాబాయ్ గారూ, అదే నేనంటున్నది. అవసరమైనప్పుడు ఎలాగైనా వస్తారు.

డీసీ_సుబ్బు:
వచ్చారు కూడా. అమెరికా పుట్టుకే ఒక లేటు ప్రయాణం మీద ఆధారపడింది. 1776 జులైలో స్వాతంత్ర్యం మీద ఓటింగ్. డెలావేర్ నుంచి సభలో ఉన్న ఇద్దరిలో ఒకరు అవును, ఒకరు కాదు. మూడో ఆయన సీజర్ రాడ్నీ ఊళ్లో ఉన్నాడు. కబురందగానే ఉరుములు మెరుపుల్లో రాత్రంతా 70 మైళ్లకు పైగా గుర్రం మీద వచ్చి జులై 2న డెలావేర్ ఓటుని స్వాతంత్ర్యం వైపు తిప్పాడు. 1999లో వచ్చిన డెలావేర్ క్వార్టర్ నాణెం మీద గుర్రం మీదున్న మనిషి ఆయనే.

దీనికి పూర్తి వ్యతిరేకమైన కథ కూడా ఒకటుంది. 1925 మార్చి 10. ఉపాధ్యక్షుడు చార్లెస్ డాస్. అటార్నీ జనరల్‌గా చార్లెస్ వారెన్ నియామకం మీద సెనేట్‌లో, అంటే పై సభలో, చర్చ. ఇవాళ ఓటింగ్ ఉండదులే అని నాయకులు చెబితే డాస్ విల్లర్డ్ హోటల్‌కి వెళ్లి నిద్రపోయాడు. ఇక్కడ మాట్లాడాల్సినవాళ్లు మానుకున్నారు, ఓటింగ్ పెట్టేశారు, 40–40. ఉపాధ్యక్షుడు ఉంటే ఆయన ఓటుతో గట్టెక్కేది. హోటల్‌కి ఫోన్లు, ఆయన హడావుడిగా టాక్సీ ఎక్కడం. దూరం రెండు మైళ్లు కూడా లేదు. వచ్చేసరికి యెస్ అన్న ఒక సెనేటర్ నో వైపు మారిపోయాడు, నియామకం ఎగిరిపోయింది. ట్రాఫిక్ జాములూ లేవు, ఉరుములూ లేవు. ఒక్క మధ్యాహ్నం కునుకు!

కందిపొడి:
డాస్ గారిని మా ఆఫీసు టీంలో చేర్చుకోవాలని ఉంది.

నల్గొండ_అక్క:
ఈ మధ్య సంగతులు కూడా చెప్పు సుబ్బూ. మోటారుసైకిల్ మీద వచ్చినాయన ఉన్నడు కదా?

డీసీ_సుబ్బు:
ఉన్నాడక్కా, విస్కాన్సిన్ నుంచి డెరిక్ వాన్ ఆర్డెన్. 2025లో నిధుల బిల్లు పాసవక ప్రభుత్వ ఆఫీసులు మూతపడ్డ 43 రోజుల షట్‌డౌన్. విమానాలకి దారి చూపే కంట్రోలర్లు చాలక, విమానయానం చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఏఏ 40 పెద్ద ఎయిర్‌పోర్టుల్లో విమానాలు తగ్గించింది. అదే సమయానికి, సెప్టెంబరు నుంచి ఇళ్ల దగ్గరే ఉన్న హౌస్ సభ్యులందరూ నవంబరు 12 ఓటింగుకి రావాలి. మనందరం పడ్డ ఎయిర్‌పోర్టు పాట్లన్నీ వాళ్లూ పడ్డారు. కొందరు కార్లు పంచుకుని వచ్చారు, ఈయన బైకెక్కాడు. నిధుల బిల్లు 222–209తో పాసయి షట్‌డౌన్ ముగిసింది.

అదే ఏడాది జులైలో పన్నులు, ఖర్చుల మీద ట్రంప్ పెద్ద బిల్లప్పుడు పిడుగుల వానకి విమానాలు రద్దయితే దక్షిణ కరోలినా లాంటి చోట్ల నుంచి రాత్రంతా డ్రైవ్ చేసుకొచ్చారు. ఆ సందర్భంలోనే ఒక ప్రొసీజరల్ ఓటింగుని (బిల్లు మీద కాదు, దాన్ని చర్చకి తెచ్చే పద్ధతి మీద) ఏడు గంటలకు పైగా తెరిచి ఉంచారు. అప్పటికి హౌస్ చరిత్రలో అంత పొడవైన ఓటింగ్ లేదు. అది విమానాల కోసం కాదు, సొంత పార్టీవాళ్లని బుజ్జగించడం కోసం.

గుంటూరు_మిర్చి:
చూశారా! 15 నిమిషాలన్నది ఏడు గంటలు సాగింది. అంటే ఎవరి కోసం ఆగాలో పెద్దలు నిర్ణయిస్తారు. సామాన్య సభ్యుడి విమానం కోసం ఆగరు.

డీసీ_సుబ్బు:
ఒక్క ఓటు మీద నిలబడినప్పుడు ఆగుతారు. 2009 ఫిబ్రవరి 13న ఒబామా ఆర్థిక ప్యాకేజీకి సెనేట్‌లో 60 కావాలి, 59 ఉన్నాయి. షెరాడ్ బ్రౌన్ తల్లిగారు పోయి ఒహాయోలో ఉన్నాడు. సందర్శనకి వచ్చినవాళ్లని పలకరించి, ప్రభుత్వ విమానంలో రాత్రి వచ్చి ఓటు వేసి, తెల్లారి అంత్యక్రియలకి మళ్లీ వెళ్లాడు. ఐదు గంటలకు పైగా ఓటింగ్ తెరిచే ఉంచారు. 60–38.

మీరన్నది మాత్రం కరెక్టు. పోస్టాఫీసు పేరు కోసం ఐదు నిమిషాలు కూడా ఆగరు.

మోడరేటర్:
ట్రంప్, ఒబామా పేర్లు వచ్చాయి కాబట్టి ముందే చెబుతున్నాను, దారి తప్పిస్తే తాళం వేస్తాను. రాత్రి రెండు కామెంట్లు తీసేశాను. ఎవరివో వాళ్లకి తెలుసు.

ఆస్టిన్_రవి:
లేటుగా వచ్చాను. విమానాల మాటే కాబట్టి ఒకటి. రీగన్ ఎయిర్‌పోర్టుకి 1,250 మైళ్లు దాటిన ఊళ్ల నుంచి మామూలుగా డైరెక్టు విమానం ఉండకూడదని రూలు. దూరం విమానాలు వాషింగ్టన్‌కి ఇంకో ఎయిర్‌పోర్టయిన డల్లెస్‌కి పోవాలని. ఆ గీతకి డాలస్ లోపల పడుతుంది, మా ఆస్టిన్, శాన్ ఆంటోనియో బయట పడతాయి. మినహాయింపులు ఇచ్చేది ఎవరు? ఆ విమానాలెక్కే కాంగ్రెస్‌వాళ్లే! 2024 మే నెలలో ఎఫ్‌ఏఏ చట్టంలో ఇంకో ఐదు రౌండ్ ట్రిప్పులు కలిపారు. అందులో ఒకటి శాన్ ఆంటోనియోకి దక్కింది. ఇప్పటికే కిక్కిరిసి ఉంది, ఇంకా ఆలస్యాలవుతాయి, ప్రమాదం కూడా అని వర్జీనియా, మేరీలాండ్ సెనేటర్లు నలుగురూ మొత్తుకున్నారు. వినలేదు. 2025 జనవరిలో అక్కడే 67 మంది పోయిన ప్రమాదం జరిగాక ఆ రద్దీ గురించి మళ్లీ పెద్ద చర్చ నడిచింది.

సోమవారం సాయంత్రం విమానం లేటయిందని చెప్పేవాళ్లే అదే రన్‌వే మీద ఇంకొన్ని విమానాలు పెట్టించారు. నాకైతే ఇది మింగుడు పడదు.

టెక్సాస్_శ్రీను:
ఇదసలు తెలియదు రవి గారూ. ఇంకో అనుమానం. కోవిడ్‌లో ఇంటి నుంచి ఓటు వేసినట్టు గుర్తు. అదే ఉంచేస్తే ఈ విమానాల టెన్షన్ ఉండదు కదా?

డీసీ_సుబ్బు:
సరిగ్గా ఇంటి నుంచి కాదు, ప్రాక్సీ, అంటే తన తరఫున ఇంకొకరు ఓటు వేయడం. 2020 మే నుంచి 2022 చివరిదాకా నడిచింది. రాలేనివాళ్లు క్లర్క్‌కి ఉత్తరం రాసి ఇంకో సభ్యుడికి బాధ్యత అప్పగించేవారు. ఒకరు పది మంది తరఫున వేయొచ్చు. ఉత్తరంలో కారణం అందరిదీ ఒకటే, 'ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి'. అలా రాసిచ్చి 2021 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలో సంప్రదాయవాదుల సదస్సుకి వెళ్లినవాళ్లున్నారు. 2023 జనవరిలో రిపబ్లికన్లు మెజారిటీలోకి వచ్చాక తీసేశారు.

నల్గొండ_అక్క:
అందరినీ ఒకే గాటన కట్టకండి. కొత్తగా తల్లైనోళ్ల సంగతేంది? 2025లో ఫ్లోరిడా నుంచి అన్నా పౌలీనా లూనా, కొలరాడో నుంచి బ్రిటనీ పెటర్సన్, పార్టీలు వేరైనా ఇద్దరూ కలిసి కొట్లాడిండ్రు, కాన్పయిన వాళ్లకన్నా ప్రాక్సీ ఇవ్వమని. 218 సంతకాలు, అంటే సభలో సగానికి మించి, తెచ్చిండ్రు. దాన్ని ఆపాలని స్పీకర్ పెట్టిన రూలు 206–222తో ఓడింది. పెటర్సన్ నెలల బిడ్డని ఎత్తుకుని సభకొచ్చింది. ఆఖరికి 'పెయిరింగ్' అనే పాత పద్ధతితో రాజీ చేసుకున్నరు. విమానం లేటయిందని నాలుగు లైన్లు రాసిచ్చుడు వేరు, పురిటి బిడ్డతో గంటల తరబడి విమానంల పోవుడు వేరు.

తెనాలి_ప్లీడరు:
ఆ పెయిరింగ్ అంటే ఏమిటమ్మా?

డీసీ_సుబ్బు:
రాలేనివాడికి వ్యతిరేకంగా ఓటు వేయాల్సిన మరొకరు, తన ఓటు వేయకుండా 'ప్రెజెంట్' అని కూర్చోవడమండీ. ఇద్దరి ఓట్లూ చెల్లుకు చెల్లు. 2018 అక్టోబరు 6న సుప్రీంకోర్టు జడ్జిగా కవనా నియామకం మీద ఓటింగ్ రోజు మోంటానా సెనేటర్ స్టీవ్ డెయిన్స్ కూతురి పెళ్లి. అలాస్కా సెనేటర్ లీసా మర్కౌస్కీ నో వేయాలనుకుని కూడా ఆయన కోసం 'ప్రెజెంట్' అంది. 51–49 కావలసింది 50–48 అయింది, తేడా అదే రెండు. ఆయన పెళ్లి చేసుకున్నాడు, అదే, చేయించాడు.

తెనాలి_ప్లీడరు:
భేష్. మా బార్ అసోసియేషన్‌లో కూడా ఇంత మర్యాద చూడలేదు.

లెక్కల_మాస్టారు:
శ్రీను గారు అడిగిన అసలు విషయానికొద్దాం. గవ్‌ట్రాక్ అనే సైటులో ప్రతి సభ్యుడి పేజీలో ఎన్ని ఓట్లు తప్పారో శాతం ఉంటుంది. ఇప్పటి హౌస్ సభ్యుల సర్వీసు మొత్తం చూస్తే మధ్యస్థం దాదాపు 2 శాతం. కానీ ఆ శాతం ఒక్కటే చూసి తిట్టకండి. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాడూ, సెనేట్ సీటుకి ప్రచారం చేసుకుంటూ తిరిగేవాడూ అక్కడ ఒకేలా కనిపిస్తారు.

హౌస్ క్లర్క్ సైటులో రోల్ కాల్ జాబితా తెరవండి. నంబర్లు ఏటా 1 నుంచి మొదలవుతాయి. మీ కాంగ్రెస్‌మన్ 'నాట్ వోటింగ్' ఉన్నవి రాసుకోండి. పక్కన ఏ రోజు, ఏ వేళ, ఎంత తేడాతో పాసయింది, ఈ మూడూ వేయండి. సోమవారం సాయంత్రాలే ఉంటే, పైగా నాలుగు వందల దగ్గర ఓట్లతో పాసయినవే అయితే, విమానాలనే అనుకోవచ్చు. గురువారం మధ్యాహ్నాలుంటే మాత్రం అది వచ్చేటప్పటి ఆలస్యం కాదు, పోయేటప్పటి తొందర. ఆఖరి రోజు సభలో జెట్ ఇంధనం వాసన వస్తోందని అక్కడి విలేకరులు జోకులు వేసేది దాని మీదే.

గుంటూరు_మిర్చి:
మాస్టారూ, రాని రోజుకి జీతం కోత లేదా?

లెక్కల_మాస్టారు:
చట్టం ఉందండీ, 1856 నాటిది. అనారోగ్యం తప్ప వేరే కారణంతో రాకపోతే ఆ రోజు జీతం కోయాలి. అమలు చేసే నాథుడే లేడు.

ఆస్టిన్_రవి:
అందరూ అంతే అనుకోకండి. అయోవా సెనేటర్ చక్ గ్రాస్లీ 1993 నుంచి 2020 నవంబరు దాకా ఒక్క ఓటూ తప్పలేదు, 8,927 వరసగా. కోవిడ్ వచ్చి ఆగింది. వాతావరణాలు, విమానాలు ఆయనకీ ఉన్నాయి.

కందిపొడి:
అలాంటివాళ్లు బళ్లో కూడా హాజరు బహుమతి కొట్టేసేవాళ్లు. మనకి చిరాకు.

టెక్సాస్_శ్రీను:
మాస్టారు చెప్పినట్టే నిన్న రాత్రి కూర్చున్నాను. మెయిల్లో చెప్పిన రెండూ సస్పెన్షన్ బిల్లులే. ఒకటి నిజంగానే పోస్టాఫీసు పేరు, టెక్సాస్‌ది కూడా కాదు. రెండూ మూడింట రెండొంతుల కంటే చాలా ఎక్కువ ఓట్లతో పాసయ్యాయి. ఆయన వచ్చినా రాకపోయినా ఒకటే. వివరణ కూడా రికార్డులో దొరికింది, మెయిల్లో ఉన్నట్టే ఉంది.

అయితే ఇంకొకటి కనబడింది. ఈ మధ్యే ఒక గురువారం మధ్యాహ్నం ఓటింగ్, తేడా వేళ్ల మీద లెక్కపెట్టేంత. దానికీ 'నాట్ వోటింగ్'. దానికి రికార్డులో వివరణ లేదు, ఆ వారం మెయిల్లోనూ లేదు.

గుంటూరు_మిర్చి:
నేను చెప్పలా!

లెక్కల_మాస్టారు:
తొందరపడకండి మిర్చి గారూ. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోవచ్చు, అది బయట చెప్పుకోకపోవచ్చు. శ్రీను గారూ, ఆఫీసుకి ఫోన్ చేసి అడగండి. ముందు మీరు ఆ జిల్లా ఓటరని చెప్పండి, లేకపోతే పట్టించుకోరు. రోల్ కాల్ నంబరు చేతిలో పెట్టుకుని అడిగితే దబాయించలేరు.

నల్గొండ_అక్క:
మర్యాదగానే అడుగు. ఫోన్ ఎత్తేది ఇరవై ఏళ్ల ఇంటర్న్ పిల్ల. ఆ పిల్ల మీద అరిచి లాభం లేదు.

టెక్సాస్_శ్రీను:
ఇప్పుడే చేశాను. అక్క చెప్పినట్టు చిన్న పిల్లే ఎత్తింది. సోమవారం ఓట్ల సంగతి అడుగుతున్నాననుకుని విమానం కథ గడగడా చెప్పేసింది. అది కాదమ్మా, గురువారంది అని నంబరు చెబితే కాసేపు హోల్డులో పెట్టి, జిప్ కోడ్, ఈమెయిల్ రాసుకుని, లెజిస్లేటివ్ డైరెక్టర్ జవాబిస్తారంది.

కందిపొడి:
జవాబు వస్తే ఇక్కడ పెట్టండి బ్రదర్. రాకపోతే వచ్చే వారం మళ్లీ చేయండి, ఈసారి స్పీకర్‌లో పెట్టి మమ్మల్నీ కలుపుకోండి.